ఆ ఫొటోలో మనవాళ్లు కానివాళ్లు

రామచంద్రాపురం నుంచి పటాన్‌చెరు మీదుగా సంగారెడ్డి దాకా ముంబై రహదారికి అటూ ఇటూ ఉన్న కాలనీల్లో, ఊళ్లలో ఏ పాత ఆల్బం తెరిచినా ఒక ప్రశ్న ఎదురవుతుంది. లగ్గం ఫొటోలో పెండ్లికొడుకు వెనక నిలబడ్డ ఆ యువకుడెవరు? క్వార్టర్ మెట్ల మీద మన పిల్లను ఎత్తుకొని కూర్చున్న ఆమె ఎవరు? వెంటనే పోలికల వేట మొదలవుతుంది. ముక్కు చూసి ఒకరు పెద్దనాయన అంటారు, నుదురు చూసి ఇంకొకరు మేనమామ అంటారు. ఎవరి పోలికా కుదరకపోతే ‘ఎవరో దూరపు చుట్టం’ అని పేజీ తిప్పేస్తారు. ఈ పద్ధతిలో రెండు లోపాలున్నాయి. ఒకటి, ముఖంతో మొదలుపెట్టడం. రెండోది, తెలియని మనిషిని మన వంశంలోనే వెతకడం. ముందు ఫొటో తీసిన కాలం, చోటు, సందర్భం తేల్చుకోవాలి. ఆ సందర్భంలో అక్కడ ఎవరెవరు ఉండే అవకాశముందో అప్పుడు ఆలోచించాలి. పేరు అన్నిటికన్నా చివర రావాలి. ఏ ప్రాంతంలోనైనా ఇదే సరైన వరస. పరిశ్రమల కోసం లేచిన, పరిశ్రమల కోసం ఖాళీ అయిన ఈ ప్రాంతంలో మాత్రం దీన్ని వదిలేస్తే సరైన జవాబు దాదాపు దొరకదు.

ఎందుకంటే ఇక్కడి ఆల్బంలు చుట్టరికాలతో మాత్రమే నిండినవి కావు. 1960లలో చెకోస్లోవేకియా సహకారంతో రామచంద్రాపురంలో భారీ విద్యుత్ పరికరాల కర్మాగారం వచ్చింది. 1964లో ఏర్పడిన భెల్ సంస్థ కిందికి అది చేరింది. 1972లో పటాన్‌చెరులో అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ మొదలైంది. ఆ తర్వాతి రెండు దశాబ్దాల్లో పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామిక వాడలు పెరిగాయి. 1984లో ఎద్దుమైలారంలో ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ పెట్టారు. ప్రతి దశలోనూ కొత్త మనుషులు వచ్చారు. మొదట కోస్తా నుంచి, రాయలసీమ నుంచి, పక్క రాష్ట్రాల నుంచి. తరువాత ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్ నుంచి. సొంత ఊరు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నప్పుడు పురుడు పోసేటప్పుడు తోడున్నది పక్క క్వార్టర్ ఆమె. పిల్ల పుట్టినరోజు ఫొటోలో మేనత్త స్థానంలో కూర్చున్నదీ ఆమే. పెండ్లిలో తోటి అప్రెంటిస్ తోడపుట్టినవాడిలా నిలబడ్డాడు. రిటైరై ఎవరి ఊరికి వాళ్లు పోయాక ఆ బంధం ఫొటోలోనే మిగిలింది. ఇంటి పిల్లలు ఆ ముఖాన్ని వంశవృక్షంలో ఎంత వెతికినా దొరకకపోవడానికి కారణం ఇదే.

ముఖం ఎందుకు నమ్మదగిన సాక్షి కాదో కూడా అర్థం చేసుకోవాలి. పాత నలుపు–తెలుపు ఫిలింలలో ఒక రకానికి ఎరుపు రంగు పట్టేది కాదు. దాని మీద ఎర్రటి బొట్టు నల్లగా పడుతుంది, మామూలు చామనఛాయ మనిషి బాగా నల్లగా కనిపిస్తాడు. ‘ఇంత నల్లటివాళ్లు మా ఇంట్లో లేరు’ అనే మాటకు అలాంటి ఫొటో ముందు విలువ లేదు. స్టూడియోలో నెగెటివ్ మీద పెన్సిల్‌తో దిద్దేవారు, ముడతలు తీసేసేవారు, ప్రింటు మీద రంగులు వేసేవారు. గోడ మీద దండ వేసి ఉన్న పెద్దాయన ఫొటో చాలాసార్లు ఏదో గ్రూపు ఫొటోలోంచి తల వరకు కత్తిరించి పెద్దది చేయించిందే. దానికి కోటు, టై స్టూడియోవాళ్లే తగిలించి ఉండవచ్చు. ఆయన జీవితంలో కోటు తొడగకపోయినా మనవలు ‘తాత ఆఫీసరు’ అనుకుంటారు. నెగెటివ్‌ను తిరగేసి ప్రింటు వేస్తే కుడిఎడమలు మారిపోతాయి. పైట కుడి భుజం మీదికి వచ్చినా, చొక్కా బొత్తాలు తప్పు వైపు ఉన్నా, చేతి గడియారం కుడి మణికట్టుకు ఉన్నా ఆ అనుమానం రావాలి. పుట్టుమచ్చను బట్టి మనిషిని తేల్చేవాళ్లు ముందు ఈ సంగతి చూసుకోవాలి.

ముఖాన్ని, చూసినవాళ్ల మాటను మాత్రమే నమ్మితే ఏమవుతుందో చెప్పడానికి ప్రపంచ ప్రసిద్ధమైన ఉదాహరణ ఉంది. 1945 ఫిబ్రవరి 23న ఇవో జిమా ద్వీపంలో ఆరుగురు అమెరికన్ సైనికులు జెండా ఎత్తుతుండగా జో రోసెంతాల్ తీసిన ఫొటో అది. ఆ సైనికుల పేర్లు ప్రభుత్వమే ప్రకటించింది, బతికున్న సహచరులు చెప్పారు, పత్రికలు అచ్చువేశాయి. అయినా 1947లో ఒక పేరు మార్చాల్సి వచ్చింది. 2016లో రెండోది, 2019లో మూడోది మారాయి. ఆరుగురిలో సగం మంది విషయంలో మొదటి గుర్తింపు తప్పన్నమాట. 2016 నాటి దిద్దుబాటుకు దారి చూపింది ఔత్సాహిక పరిశోధకులు. అదే రోజు తీసిన వేరే ఫొటోలు పక్కన పెట్టుకొని హెల్మెట్లు, దుస్తులు, భుజాన ఉన్న సామగ్రి ఒక్కొక్కటిగా పోల్చారు. ముఖాలు సరిగా కనిపించని ఫొటోలో అసలు మనిషిని పట్టిచ్చినవి వస్తువులు. అంత పేరున్న ఫొటోకే ఇలా జరిగితే, వెనకాల ఒక్క అక్షరం లేని మన ఇంటి ఫొటో విషయంలో మొదటి ఊహను నిజమని రాసుకోవడం ఎంత ప్రమాదమో ఆలోచించాలి.

కాబట్టి మొదట ఫొటోను తిప్పి వెనక వైపు చూడాలి. కాగితం తయారీదారు పేరు ఉంటే అది కాలానికి ఒక హద్దు గీస్తుంది. ఆగ్ఫా, గెవర్ట్ కంపెనీలు కలిసింది 1964లో. రెండు పేర్లూ కలిపి అచ్చయిన కాగితం అంతకు ముందుది కాజాలదు. ఊటీలోని హిందుస్థాన్ ఫొటో ఫిలింస్ వారి ‘ఇందు’ ముద్ర ఉంటే అది 1960ల చివరి భాగం తర్వాతిది. స్టూడియో ముద్రలో పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాత వేసిన ముద్ర, ఎందుకంటే దేశంలో పిన్‌కోడ్ మొదలైంది ఆ రోజున. అంచు రంపపు పళ్లలా కత్తిరించి ఉందా, తెల్లటి మార్జిన్ ఉందా, కాగితం ప్లాస్టిక్ పూతతో నున్నగా ఉందా అనేవీ చూడాలి. ఆ పూత కాగితం వాడుకలోకి వచ్చింది 1970ల నుంచే. అంచున గీసిన చిన్న అంకె ఉంటే అది నెగెటివ్ సంఖ్య కావచ్చు. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ సికింద్రాబాద్ స్టూడియో కాలం నుంచీ అలా సంఖ్య వేసే అలవాటుంది. ఆయన గాజు పలక నెగెటివ్‌లు 2,857 ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. మామూలు పట్టణ స్టూడియోలు చాలావరకు మూతపడ్డాయి. అయినా ఏదైనా కుటుంబం దగ్గర పాత నెగెటివ్‌లు, బిల్లు పుస్తకాలు మిగిలి ఉంటే ఆ చిన్న అంకె పేరు దాకా తీసుకుపోగలదు.

వెనకాల చేతిరాత ఉంటే దాన్ని చదవడం వచ్చిన మనిషి కావాలి. 1948 సెప్టెంబరు దాకా ఇది హైదరాబాద్ సంస్థానం. ప్రభుత్వ భాష ఉర్దూ, సర్కారు లెక్క ఫసలీ. అందువల్ల తెలుగు ఇంటి ఫొటో మీద కూడా ఉర్దూ రాత, ఫసలీ తేదీ ఉండవచ్చు. హైదరాబాద్ ఫసలీ సంవత్సరం అక్టోబరు మొదట్లో మొదలయ్యేది. 1357 ఫసలీ అంటే 1947 అక్టోబరు నుంచి 1948 అక్టోబరు వరకు. దాన్ని హిజ్రీ అనుకుంటే పదేళ్ల తేడా వస్తుంది. తెలుగు సంవత్సరం పేరు మాత్రమే రాసి ఉంటే అది అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తుందని గుర్తుంచుకోవాలి. ‘వికారి’ 1899లో వచ్చింది, 1959లో వచ్చింది, 2019లో మళ్లీ వచ్చింది. ఏదన్నది కాగితమే తేలుస్తుంది. జిల్లా పేర్లూ తేదీ చెబుతాయి. జహీరాబాద్, నారాయణఖేడ్ ప్రాంతాలు 1956 దాకా బీదర్ జిల్లాలో ఉండి, ఆ ఏడాది రాష్ట్రాల పునర్విభజనలో మెదక్‌లో కలిశాయి. సంగారెడ్డి పేరుతో జిల్లా వచ్చింది 2016 అక్టోబరు 11న. ‘జిల్లా బీదర్’ అని ఉన్న ఫొటో చూసి మన పూర్వీకులు కర్ణాటక నుంచి వలస వచ్చారని తీర్మానించే ముందు ఈ సంగతి తెలియాలి. వాళ్లు ఉన్నచోటే ఉన్నారు, జిల్లా మారింది.

కాలం కొంత తేలాక సందర్భం. గ్రూపు ఫొటోలో ఎవరు కూర్చున్నారు, ఎవరు నిలబడ్డారు అన్నది ఊరికే జరగదు. నుదుట బాసింగం ఉన్న జంట ఆ రోజు పెండ్లివాళ్లు. వాళ్ల పక్కన కుర్చీల్లో ఉన్నవాళ్లు కన్నవాళ్లో, ఆ స్థానంలో పీటల మీద కూర్చున్నవాళ్లో. కర్మాగారం గ్రూపులో మధ్య కుర్చీలో ఒక్కరి మెడలోనే దండ ఉంటే అది బదిలీకో రిటైర్మెంటుకో సంబంధించింది. యంత్రాలకు పూలదండలు వేసి ఉంటే ఆయుధపూజ లేదా సెప్టెంబరు 17 నాటి విశ్వకర్మ పూజ. మార్చి మొదటి వారం బ్యానర్లు ఉంటే జాతీయ భద్రతా దినం. ఈఎస్ఐ కార్డు కోసం, రేషన్ కార్డు కోసం తీయించుకున్న కుటుంబ ఫొటోలో ఉన్న తెలియని ముసలాయన దారిన పోయేవాడు కాదు. ఆ ఉద్యోగి మీద ఆధారపడ్డవాడిగా రాయించుకున్న మనిషి. అక్కడ మాత్రం వెతుకులాట కుటుంబంలోనే సాగాలి. వాహనం ఉంటే మరో హద్దు దొరుకుతుంది. బజాజ్ చేతక్ 1972కు ముందు లేదు, మారుతి 800 1983 చివరికి ముందు లేదు, హీరో హోండా సీడీ 100 1985కు ముందు లేదు. నంబరు పలక మీద ‘ఏపీ 23’ ఉంటే 1989 తర్వాత మెదక్ జిల్లాలో రిజిస్టరైన బండి. ఒక్కో గుర్తు ‘ఇంతకు ముందు కాదు’ అని మాత్రమే చెబుతుంది. ‘ఇంత తర్వాత కాదు’ అని చెప్పేవి వేరు. అప్పటికి పుట్టని పిల్లలు, అప్పటికింకా బతికున్న పెద్దలు, తరువాత కూల్చేసిన ఇల్లు ఆ పని చేస్తాయి. ఈ రెండు హద్దుల మధ్య కాలం కుదించుకుపోయేకొద్దీ ఆ మనిషి ఎవరై ఉండవచ్చన్న జాబితా చిన్నదవుతుంది.

చోటు విషయంలో ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కులూ ఉన్నాయి, ఆధారాలూ ఉన్నాయి. గ్రూపులో ఒక యూరోపియన్ ముఖం కనిపిస్తే అది ఏ సంస్థ అన్నదానికి సూచన. 1960లలో రామచంద్రాపురం అయితే చెక్ నిపుణుడు కావచ్చు. 1970ల తర్వాత పటాన్‌చెరు అయితే ఇక్రిశాట్ శాస్త్రవేత్త కావచ్చు. చిక్కు ఏమిటంటే, ఫొటోలోని చోటుకు వెళ్లి చూద్దామంటే చాలా చోట్లు లేవు. ఇక్రిశాట్ పొలాల కోసం మన్మూల్, కాచిరెడ్డిపల్లి అనే రెండు ఊళ్లు ఖాళీ అయ్యాయి. హైదరాబాద్ తాగునీటి కోసం మంజీరా మీద కట్టిన సింగూరు జలాశయం కింద మరికొన్ని ఊళ్లు మునిగాయి. ఆ ఊళ్ల వాళ్లు తలా ఒక చోట స్థిరపడ్డారు. ఒక ఇంటి అరుగు మీద తీసిన ఫొటోలోని పొరుగువాళ్లు ఇప్పుడు పక్కింట్లో ఉండరు, పది ఊళ్లలో ఉంటారు. ఆ ఫొటోను మన బంధువులకు ఎన్నిసార్లు చూపించినా లాభం లేదు. అదే ఊరి నుంచి లేచిపోయిన ఇంకో కుటుంబానికి చూపించాలి. వాళ్లకు అరుగు, వేపచెట్టు, గుడి గోడ చూడగానే ఇల్లు ఎవరిదో తెలుస్తుంది. ఇల్లు తెలిస్తే మనుషులు వాళ్ల వెంటే వస్తారు.

పెద్దవాళ్ల జ్ఞాపకం నమ్మదగిందేనా అని అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. ఇవో జిమాలో తప్పు చెప్పింది కూడా చూసినవాళ్లే. కానీ జ్ఞాపకాన్ని వదిలేయడం దానికి జవాబు కాదు, అడిగే పద్ధతి మార్చుకోవాలి. ‘ఈయన మా చిన్నాయనే కదా?’ అని అడిగితే పెద్దవాళ్లు మర్యాదకైనా అవునంటారు. ‘ఇది ఎక్కడ తీశారు? ఆ రోజు ఏముండె?’ అని అడగాలి. ఇద్దరు ముగ్గురిని ఒకేచోట కూర్చోబెడితే గట్టిగా మాట్లాడేవాళ్ల మాటే అందరి జ్ఞాపకమవుతుంది. అందుకే విడివిడిగా చూపించాలి, ఒకరు చెప్పింది ఇంకొకరికి ముందే చెప్పకూడదు. ఒకరితో ఒకరికి సంబంధం లేని ఇద్దరు ఒకే పేరు చెప్పి, కాగితం తేదీ దానికి అడ్డు రాకపోతే అప్పుడు నమ్మవచ్చు. ఈ పని పెద్ద ఎత్తున చేసిన దేశం కెనడా. అక్కడి జాతీయ గ్రంథాలయ, అభిలేఖాగార సంస్థలో ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇనుయిట్ ప్రజల ఫొటోలు వేలకొద్దీ ఉన్నా చాలామందికి పేర్లు లేవు. 2000ల మొదట్లో ‘ప్రాజెక్ట్ నేమింగ్’ మొదలుపెట్టి, ఆ జాతి యువకుల చేతికే ఫొటోలు ఇచ్చి వాళ్ల ఊరి పెద్దల దగ్గరికి పంపారు. ఎన్నో ముఖాలకు పేర్లు వచ్చాయి. ఎందుకంటే ఫొటో చేరాల్సిన చోటికి, ఆ ఊరిని ఎరిగినవాళ్ల దగ్గరికి, చేరింది.

ఇంత శ్రమ దేనికి, ఫోన్‌లోని సాఫ్ట్‌వేర్ క్షణంలో ముఖాన్ని పట్టేస్తుంది కదా అనేది మరో అభ్యంతరం. పది వేల ఫొటోల్లోంచి పోలి ఉన్నవాటిని ఏరి ముందు పెట్టడంలో అది నిజంగా సాయపడుతుంది. కానీ అది చెప్పేది పోలికే. అన్నదమ్ములు, తండ్రీకొడుకులు, మేనమామ మేనల్లుళ్లు ఒకేలా ఉండే ఇంటి ఫొటోల్లో సమస్యంతా పోలికతోనే. దిద్దిన నెగెటివ్, వెలిసిన ప్రింటు, గోరంత ముఖం ఉన్న గ్రూపు దానికి సరిపోవు. పైగా ఇలాంటి ప్రోగ్రాంలను అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ 2019లో పరీక్షించినప్పుడు, చాలావాటిలో ఒకరిని ఇంకొకరుగా పొరబడటం ఆఫ్రికన్, ఆసియన్ ముఖాల విషయంలో ఎక్కువని తేలింది. అమెరికా అంతర్యుద్ధ సైనికుల ఫొటోల కోసం 2018లో వచ్చిన ‘సివిల్ వార్ ఫొటో స్లూత్’ లాంటి వెబ్‌సైట్‌లో కూడా యూనిఫాం, హోదా గుర్తుల ఆధారంగా జాబితాను ముందు కుదిస్తారు. చివరి నిర్ణయం మనిషిదే.

ఇంకో అభ్యంతరం బరువైనది. తెలియని మనిషి ఫొటోను పది మందికి చూపించే హక్కు మనకుందా? ఆ ఫొటోలో ఆగిపోయిన పెండ్లి ఉండవచ్చు, తెగిపోయిన స్నేహం ఉండవచ్చు, ఇప్పుడు బతికున్న మనిషి దాచుకున్న గతం ఉండవచ్చు. కాబట్టి ఊరూపేరూ తెలియని వాట్సాప్ గ్రూపులకు వదలడం తప్పు. ఆ కాలాన్ని, ఆ చోటును ఎరిగినవాళ్లకు చేతిలో పెట్టి చూపించడం వేరు. బతికున్నవాళ్లని తెలిస్తే వాళ్లను అడిగే ముందుకు పోవాలి. ఆడవాళ్ల విషయంలో జాగ్రత్తతో పాటు పట్టుదల కూడా కావాలి. మగవాళ్లకు డ్యూటీ పాసులు, ఉద్యోగ రికార్డులు ఉన్నాయి. ఆడవాళ్లను వెనకాల ‘ఫలానా వారి భార్య’ అనే రాశారు, కొన్ని ఇళ్లలో పెండ్లితో పేరే మారింది. తెలియని ముఖాల్లో వాళ్లు ఎక్కువగా మిగిలిపోవడానికి ఇది ఒక కారణం. వాళ్ల పేరు పుట్టింటి వైపు అడిగితేనే దొరుకుతుంది.

చనిపోయినవాళ్ల పేర్లు తెలిసి ఇప్పుడు ఒరిగేదేమిటి అనేవాళ్లకు నా జవాబు ఇది. ఈ ప్రాంతపు చరిత్ర ఎకరాల్లో, టన్నుల్లో, మెగావాట్లలో రాసి ఉంది. ఆ యంత్రాల దగ్గర నిలబడ్డవాళ్లు, ముఖ్యంగా కాంట్రాక్టు కూలీలు, కాగితాల మీద చాలా తక్కువ కనిపిస్తారు. ఓటరు గుర్తింపు కార్డులు వచ్చిన 1993 దాకా సొంత ఫొటో ఒక్కటీ లేని పేదలు ఎంతోమంది. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఔషధ కర్మాగారంలో పేలుడు జరిగినప్పుడు దూర రాష్ట్రాల నుంచి వచ్చిన కార్మికుల మృతదేహాలను డీఎన్ఏ పరీక్షలతో గుర్తించాల్సి వచ్చింది. తోటి మనిషి పేరు, ఊరు తెలిసి ఉండటం ఇక్కడ ఎంత అవసరమో ఆ రోజులు చూపించాయి. మన ఆల్బంలో అంచున నిలబడ్డ ఆ యువకుడు మనకు తెలియనివాడే కావచ్చు. శ్రీకాకుళంలోనో గంజాంలోనో ఉన్న ఆయన పిల్లలకు మాత్రం తండ్రి వయసులో ఉన్నప్పటి ఫొటో అదొక్కటే అయి ఉండవచ్చు.

అందుకే ఈ పనిలో ఆలస్యం చేయకూడదు. 1965లో ఇరవై ఏళ్ల వయసులో రామచంద్రాపురంలో చేరినవాళ్లకు ఇప్పుడు ఎనభై దాటింది. కాగితాన్ని, ముద్రను తర్వాతైనా పరీక్షించవచ్చు, వాళ్లను ముందే కలవాలి. జిగురు ఆల్బం నుంచి ఫొటో పీకే ముందు పేజీ మొత్తాన్ని, ఆ వరసలోనే, ఫొటో తీసి ఉంచాలి. వెనక వైపు కూడా తీయాలి. మెత్తటి పెన్సిల్‌తో అంచున ఒక సంఖ్య రాయాలి. ప్లాస్టిక్ పూత కాగితమైతే కవరు మీద రాయాలి. బాల్ పెన్ను ఎక్కడా వాడకూడదు. విడిగా ఒక నోటు పుస్తకంలో ఆ సంఖ్య కింద ఎవరు ఏం చెప్పారో, ఎప్పుడు చెప్పారో, అది ఖాయమా, కావచ్చునా, ఊహేనా అన్నది వేరువేరుగా ఉండాలి. ఊహను ఊహగా రాస్తే రేపు ఎవరైనా సరిదిద్దగలరు. ఖాయమని రాస్తే ఆ తప్పు మనవల దాకా పోతుంది. రిటైరైన ఉద్యోగుల సంఘాలు, కాలనీ సంఘాలు, ముంపు ఊళ్ల వాళ్లు దసరాకో బోనాలకో కలిసినప్పుడు తలా ఒక గుర్తుతెలియని ఫొటో తెచ్చుకొని ఒక పూట కూర్చుంటే, ఏ ఒక్క ఇల్లూ ఒంటరిగా తేల్చలేనివి చాలా తేలతాయి. పేరు దొరికాక ఇంకొక పని మిగులుతుంది. ఆ ఫొటో ప్రతి ఒకటి ఆ మనిషి కుటుంబానికి చేరాలి. అది చేరినప్పుడే గుర్తించడం పూర్తయినట్టు.